వెనక్కి వాలితే స్కీ మాట వినదు

ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాస్తున్నవారు బరంపురంలో స్థిరపడిన మాజీ సుబేదారు. సైన్యంలో ఉండగా కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌లో స్కీయింగ్ (కాళ్లకి పొడుగాటి చెక్కలు తగిలించుకుని మంచు వాలు మీద జారడం) నేర్చుకుని, తరవాత కొత్త జవాన్లకు నేర్పారు. ఇప్పుడు ఆర్మీ సెలక్షన్లకు వెళ్లే కుర్రాళ్ల చేత పరుగు, కసరత్తు చేయిస్తున్నారు. చలికాలంలో మంచుకొండలకు వెళ్లబోతున్నవారు, వెళ్లి వచ్చినవారు అడిగిన ప్రశ్నలివి.

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. బ్యాంకులో పని చేస్తాను. జనవరిలో నేనూ మా చెల్లీ ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఏడు రోజుల స్కీయింగ్ కోర్సుకి వెళ్తున్నాం. ఎవర్ని అడిగినా ఒక్కో సలహా. మోకాళ్లు వంచమని ఒకరు, వెనక్కి వాలమని ఒకరు, కాళ్లకేసి చూసుకోమని ఇంకొకరు. వీడియోలు చూస్తే ఇంకా టెన్షన్. వాలు మీద నిలబడ్డాక అసలు గుర్తు పెట్టుకోవాల్సింది ఏది?

జవాబు: వెనక్కి వాలమన్నవారు ఎవరో గానీ తల్లీ, మంచును సినిమాల్లోనే చూసి ఉంటారు. ఆ సలహా మాత్రం పర్లాకిమిడిలోనే వదిలేసి రైలెక్కండి.

వాలు మీద నిలబడి కిందికి చూడగానే ఒళ్లు దానంతట అదే కొండవైపు, అంటే వెనక్కి వాలుతుంది. పడిపోతామన్న భయం చేసే పని అది. అందరికీ ఉంటుంది. కానీ స్కీ చెక్క ఎలా ఉంటుందో చూడండి. ముందూ వెనకా వెడల్పు, నడుమ సన్నం. దాన్ని కాస్త పక్కకు ఒరిగించి, ముందు భాగం మీద బరువు వేస్తే అంచు మంచులో దిగుతుంది. దిగాక ఆ వంపు వెంట అదే తిరుగుతుంది. మీరు వెనక్కి వాలారనుకోండి, ముందు భాగం తేలిపోతుంది. అంచు పట్టదు, మలుపు రాదు, వేగం మాత్రం పెరుగుతుంది. వేగం పెరిగేసరికి ఇంకా భయం, ఇంకా వెనక్కి. మొదటి రోజు పడేవాళ్లలో ఎక్కువమంది పడేది ఇలాగే.

అందుకే కొత్తగా వచ్చిన జవాన్లకి నేను ఒకే ఒక్క పరీక్ష చెప్పేవాణ్ని. స్కీ బూటుకి ముందువైపు, పాదం మీద నుంచి కాలి మీదికి లేచే గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని నాలుక అంటాం. మోకాలి కింద ముందు ఎముక ఆ నాలుకకి ఆనుతోందా, లేదా? ఆనుతోందంటే మీరు సరిగ్గా ఉన్నట్టే. అది వదులై, వెనక పిక్కకి బూటు తగులుతోందంటే వెనక్కి పోయారన్నమాట. దీన్ని కళ్లతో చూసుకోనక్కర్లేదు, పక్కన ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎంత భయంలో ఉన్నా కాలికి తెలిసిపోతుంది. భయంలో పనికొచ్చే సలహానే సలహా. మిగతావి గదిలో కూర్చుని మాట్లాడుకోవడానికి బాగుంటాయి.

మోకాళ్లు వంచమన్నవారి మాట సగమే నిజం. చీలమండ వంచకుండా మోకాళ్లొక్కటే వంచితే పిరుదులు వెనక్కి పోతాయి, మళ్లీ మొదటికొస్తుంది. వంపు చీలమండ దగ్గర మొదలవ్వాలి. మోకాలూ నడుమూ దాని వెంట కొద్దికొద్దిగా వంగాలి. గోపాల్‌పూర్ ఒడ్డున తెల్లారకుండా వేటకి దిగే మనవాళ్లని చూడండి. తెప్ప మీద అల వచ్చేటప్పుడు వాళ్లు కాళ్లు బిగబట్టరు, వెనక్కి ఒరగరు. వంగిన కాళ్లతోనే అల కుదుపుని మింగేస్తారు. మీక్కావలసిన నిలబాటు అదే. ప్రయాణానికి ముందు ఒక ఆదివారం వచ్చి చూసి వెళ్లండి, బస్సు చార్జీ తప్ప ఖర్చేమీ లేదు.

కాళ్లకేసి చూసుకోవద్దు. స్కీ కొనల వైపు చూస్తే తల వంగుతుంది, నడుము విరిగినట్టవుతుంది, ఎదురుగా ఎవరొస్తున్నారో కనబడదు. మా ఉస్తాద్ రోజంతా “ఆగే దేఖో” అని అరుస్తూనే ఉండేవాడు. ఎటు వెళ్లాలో అటు చూడండి. చేతులు రెండూ ముందుకి, నడుముకి కాస్త పైన ఉంచండి. రెండు గ్లవ్సులూ కంటి కొనల్లో కనబడుతూ ఉండాలి. ఒక చెయ్యి కనబడలేదంటే అది వెనక్కి పోయింది, దాంతో ఆ భుజం కూడా పోయింది.

మొదటి రోజు చదునులో నడిపిస్తారు. పక్క అడుగులు వేస్తూ వాలు ఎక్కిస్తారు. స్కీల ముందు కొనలు దగ్గర చేసి, మడమలు బయటికి తోసి, తిరగేసిన ‘వీ’ ఆకారంలో ఆగడం నేర్పిస్తారు. అందులో చాలామంది కొనలు దగ్గర చేయడం మీదే ధ్యాస పెడతారు. కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి బోర్లా పడతారు. కొనల సంగతి మరిచిపోండి, మడమలు బయటికి తోయండి. ఆ ఒక్కటీ చేస్తే కొనలు ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి.

ఇంకొక్క మాట. రోజుకి ఒక సలహానే పట్టుకోండి. మొదటి రోజు బూటు నాలుక, రెండో రోజు చూపు, మూడో రోజు చేతులు. అన్నీ ఒకేసారి తలకెక్కించుకున్నవాళ్లు వాలు మధ్యలో ఆలోచిస్తూ చెట్టెక్కుతారు.

ఔలీకి సంబంధించి ఒక విషయం: 2023 జనవరిలో కిందనున్న జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు, అక్కణ్నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే ఆపేశారు. కాబట్టి పైకి ఎలా వెళ్లాలో మీకు కోర్సు ఇచ్చినవాళ్లనే ముందుగా అడగండి. ఔలీ వాలు 2,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన సముద్రమట్టం మనుషులకి మొదటి రోజు తలనొప్పి, ఆయాసం రావచ్చు. చేరిన రోజున ఎగిరిపడకుండా నీళ్లు బాగా తాగి పడుకోండి.

ప్రశ్న: జయపురంలో (కొరాపుట్ జిల్లా) నాకు మొబైల్ షాపు ఉంది. కిందటి ఫిబ్రవరిలో గుల్‌మర్గ్ వెళ్లి వారం నేర్చుకున్నాను. ఎడమకి చక్కగా తిరుగుతాను. కుడికి తిరగబోతే స్కీలు నేరుగా కిందికే పోతాయి. శిక్షకుడు “వెయిట్, వెయిట్” అనేవాడు. ఆగమంటున్నాడో, బరువు వేయమంటున్నాడో చివరిదాకా తెలియలేదు. ఈసారి వెళ్లేలోగా సరి చేసుకోవాలి.

జవాబు: బరువు వేయమనే బాబూ. ఎక్కడ వేయాలో చెప్పలేదు, అదే వచ్చిన చిక్కు.

మలుపులో బయటివైపున ఉండే కాలే పని చేయాలి. ఎడమకి తిరగాలంటే కుడికాలు, కుడికి తిరగాలంటే ఎడమకాలు. మనలో ఎక్కువమందికి కుడికాలు బలం. అందుకే ఎడమ మలుపు ఊరికే వస్తుంది, కుడి మలుపు మొరాయిస్తుంది. దాదాపు అందరికీ ఒక పక్క ఇలాగే ఉంటుంది. మీకు కుడిపక్క వచ్చింది.

అసలు ఎక్కడ తప్పిపోతోందో నెమ్మదిగా చూద్దాం. మీరు వాలుకి అడ్డంగా, ఎడమవైపుకి పోతున్నారనుకోండి. కుడి స్కీ లోయవైపు ఉంది, బరువంతా దాని మీదే ఉంది, హాయిగా ఉంది. ఇప్పుడు కుడికి తిరగాలి. తిరగాలంటే ఆ హాయిగా ఉన్న కుడికాలిని వదిలేసి, కొండవైపు ఉన్న ఎడమకాలి మీదికి బరువు మార్చాలి. మార్చగానే స్కీల కొనలు లోయవైపు తిరుగుతాయి. ఒక్క క్షణం రెండు స్కీలూ నేరుగా కిందికి చూస్తాయి, వేగం అందుకుంటాయి. గుండె జారేది అక్కడే. అక్కడ మనిషి ఏం చేస్తాడంటే, ఒళ్లంతా కొండవైపుకి వాల్చేసి, భుజాలు గిరుక్కున కుడికి తిప్పేస్తాడు. బరువు మళ్లీ లోపలి కాలి మీదికి వచ్చి పడుతుంది. బయటి ఎడమ స్కీ మీద ఏమీ లేదు, అంచు పట్టదు. భుజాలు తిరిగాయి గానీ స్కీలు తిరగలేదు. మీరు చెప్పిన “నేరుగా కిందికే” అదే.

దీనికి రెండు మందులున్నాయి. బాగా తక్కువ వాలున్న చోట కుడికి తిరుగుతూ, లోపలి కాలు, అంటే కుడి స్కీ వెనక భాగాన్ని మంచు మీద నుంచి కాస్త పైకెత్తండి. కొన నేలనే ఉండాలి, మడమ మాత్రమే లేవాలి. లేచిందంటే బరువు ఎడమకాలి మీద ఉన్నట్టే. లేవలేదంటే ఇంకా లేదన్నట్టే. ఇందులో అబద్ధమాడటానికి వీలుండదు.

రెండోది నాకు ఇష్టమైనది. కుడికి తిరుగుతున్నంతసేపూ ఎడమచేత్తో ఎడమ బూటు పైభాగాన్ని అందుకోబోండి. అందకపోయినా ఫర్వాలేదు, అందుకోబోవడమే ముఖ్యం. చెయ్యి ఎటు పోతే ఒళ్లు అటు ఒరుగుతుంది, ఆ కాలి మీద బరువు దానంతట అదే చేరుతుంది. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మధ్యాహ్నానికి మీరు తిరుగుతుంటారు, వాళ్లు పడుతుంటారు.

బరువు ఒక్కసారిగా దబ్బున వేయవద్దు. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ అంకె అంకెకీ కొంచెం ఎక్కువ నొక్కండి. అప్పుడు మలుపు గుండ్రంగా వస్తుంది. తొందరపడి ‘ఒకటి’ దగ్గరే మూడూ నొక్కేస్తే స్కీ జర్రున జారుతుంది. ఆ అంకెలు పైకే అనండి. కొత్తవాళ్లు మలుపులో ఊపిరి బిగబడతారు, దాంతో ఒళ్లంతా కర్ర అవుతుంది. నోటితో లెక్కపెట్టేవాడు ఊపిరి బిగబట్టలేడు. మా దళంలో ఒక ఇచ్ఛాపురం కుర్రాడు పాట పాడుకుంటూ దిగేవాడు, అందరికన్నా ముందు నేర్చుకున్నది వాడే.

బొడ్డు ఎప్పుడూ లోయవైపు చూడాలి. తిరగాల్సింది కాళ్లు, పైశరీరం కాదు.

ప్రశ్న: దారింగబాడిని ఒడిశా కశ్మీరం అంటారు కదా మాస్టారూ. అంత దూరం వెళ్లకుండా అక్కడే స్కీయింగ్ నేర్చుకోవచ్చా? — బరంపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: నాయనా, దారింగబాడిలో చలికాలం పొద్దున్నే గడ్డి మీద తెల్లగా పేరుకునేది గట్టిపడ్డ మంచుబిందువుల పొర. ఎండ తగిలితే పోతుంది. స్కీకి కనీసం జానెడు లోతు మంచు పరుచుకుని, రోజుల తరబడి నిలవాలి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవ్‌మాలి శిఖరమే 1,672 మీటర్లు. గుల్‌మర్గ్ మైదానం దాని కన్నా దాదాపు వెయ్యి మీటర్లు ఎత్తున, 2,650 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ గొండోలా (తీగల మీద కొండెక్కించే పెట్టెబండి) రెండో దశ మిమ్మల్ని దింపే చోటు, అఫర్వాత్ కొండ మీద, సుమారు 3,950 మీటర్లు. కాఫీ, పైన్ చెట్లు చూడ్డానికి దారింగబాడి వెళ్లండి, స్కీయింగ్‌కి డబ్బులు దాచుకోండి.

ప్రశ్న: మాది సిరోంచ. స్కూల్లో లెక్కలు చెబుతాను, వయసు 47. మనాలి దగ్గర సోలంగ్‌లో రెండుసార్లు దిగేసరికి తొడలు మండిపోయి నిలబడలేకపోయాను. మళ్లీ వెళ్లే ముందు ఇక్కడ మంచు లేకుండా ఏం సాధన చేయాలి?

జవాబు: తొడల మంటకి కారణం సగం బలం లేకపోవడం, సగం మీరు వెనక్కి కూర్చుని దిగడం. పిరుదులు వెనక్కి పోయినప్పుడు ఒంటి బరువంతా తొడ కండరమే మోయాలి. పైన పర్లాకిమిడి అమ్మాయికి చెప్పిన బూటు నాలుక పరీక్ష మీకూ వర్తిస్తుంది. నిలబాటు సరిపడితే బరువులో చాలా భాగం ఎముకలు మోస్తాయి.

మిగతా సగానికి మీ ఊళ్లోనే మందుంది. చాలామంది స్కీయింగ్‌కని మెట్లు ఎక్కుతారు. ఎక్కడం గుండెకి మంచిదే. కానీ వాలు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువుని ఆపుతుంది. ఆ పని కండరానికి వచ్చేది మెట్లు దిగితేనే. మాకు ఇక్కడ తారాతరిణి కొండకి 999 మెట్లున్నాయి. మా కుర్రాళ్లని పరిగెత్తించి ఎక్కిస్తాను. దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టుకీ మోకాలు వంచి, చప్పుడు కాకుండా, నెమ్మదిగా దిగమంటాను. మర్నాడు నడవలేక తిట్టుకుంటారు. మీకు ప్రాణహిత ఒడ్డున మెట్లున్న రేవు ఏదైనా ఉంటే చాలు, లేకపోతే స్కూలు మేడమెట్లే చాలు. మొదట రోజు మార్చి రోజు దిగండి, ఒకేసారి మీద పడకండి.

గోడకి వీపు ఆనించి, తొడలు నేలకి సమాంతరంగా ఉండేట్టు కిందికి జారి, అలాగే ఉండటం ఇంకొకటి. వణుకు మొదలయ్యాక ఇంకాసేపు ఉండండి. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం మూడోది. అది వచ్చాక కళ్లు మూసుకుని ప్రయత్నించండి. నేల మీద గీత గీసి, రెండు కాళ్లతో ఆ పక్కకీ ఈ పక్కకీ గెంతడం నాలుగోది, పిల్లల్ని కూడా కలుపుకోండి. ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టాలి. వెళ్లే వారం మొదలుపెడితే కండరాల నొప్పితోనే కొండెక్కాల్సి వస్తుంది. మోకాలికి ఇదివరకే ఏమైనా ఇబ్బంది ఉంటే మాత్రం ఇవన్నీ డాక్టరుని అడిగాకే.

కొండ మీద కూడా ఒక జాగ్రత్త. దెబ్బలు ఎక్కువ తగిలేది సాయంత్రం “ఇంకొక్కసారి” అని పైకెళ్లినప్పుడు. కాళ్లు అలిసిపోయి ఉంటాయి, మంచు గట్టిపడి ఉంటుంది. ఆ ఇంకొక్కసారి మానేసి టీ తాగండి.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను, ఫ్యాక్టరీలో ఇంజినీరుని. అద్దెకిచ్చిన స్కీ బూట్లు నరకం చూపించాయి. ఒక సైజు పెద్దవి అడిగి, రెండు జతల మేజోళ్లు వేసుకున్నా నొప్పి తగ్గలేదు.

జవాబు: పెద్దవి అడిగారు కాబట్టే నొప్పి. బూటు వదులైతే పాదం లోపల కదులుతుంది. కదలకుండా ఉండటానికి మీరు క్లిప్పులు బిగిస్తారు, బిగింపు ఎముక మీద పడుతుంది. రెండో జత మేజోళ్లు ముడత పడి ఆ నొప్పికి తోడవుతాయి, పైగా చెమట పట్టి పాదం చల్లబడుతుంది.

బూటు తొడిగి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకి లీలగా తగలాలి. మోకాళ్లు ముందుకి వంచితే మడమ వెనక్కి సర్దుకుని వేళ్లు గోడని వదిలేయాలి. మడమ మాత్రం పైకి లేవకూడదు. ఇదే సైజు. మేజోడు ఒకటే జత, పల్చటిది, పొడుగ్గా మోకాలి దాకా వచ్చేది. ప్యాంటు అంచుగానీ, థర్మల్ అంచుగానీ బూటులోకి దోపకండి, ఆ కుట్టు రోజంతా కాలి ఎముకని కోస్తుంది. క్లిప్పులు బిగించే ముందు మడమని నేల మీద రెండుసార్లు కొట్టి వెనక్కి దిగనివ్వండి. చీలమండ దగ్గరి క్లిప్పు ముందు పెట్టండి, వేళ్ల దగ్గరివి చివర, అవి వదులుగానే. లిఫ్ట్ కోసం ఆగినప్పుడల్లా పైవి విప్పి రక్తం ఆడనివ్వండి.

దుకాణంలో జనం ఎక్కువున్నా సిగ్గుపడకుండా మూడు నాలుగు జతలు తొడిగి చూడండి. స్కీలు కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది, బూటు కాకపోతే నడవదు.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. ఇచ్ఛాపురం నుంచి ఒక తల్లిని రాస్తున్నాను. మా అబ్బాయికి పందొమ్మిదేళ్లు. స్నేహితులతో గుల్‌మర్గ్ వెళ్లి స్కీయింగ్ నేర్చుకుంటాడట, తరవాత పోటీల్లోకి కూడా వెళ్తాడట. కాళ్లు చేతులు విరుగుతాయని నా భయం. వద్దనమంటారా?

జవాబు: వద్దంటే చెప్పకుండా వెళ్తాడమ్మా, ఆ వయసు అలాంటిది. చెప్పి పంపండి.

ముందు పడటం నేర్చుకోమనండి. పడటం తప్పదు. పక్కకి, తుంటి మీదికి, కొండవైపుకి పడాలి. చేయి నేలకి ఆనించకూడదు. పోల్ (స్కీయింగ్ చేతికర్ర) చేతిలో ఉండగా అరచెయ్యి ఆనితే బొటనవేలు వెనక్కి మెలిపడి దాని మూలంలో లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) తెగుతుంది. స్కీయర్లకి మామూలుగా వచ్చే దెబ్బ అది. పడుతున్నప్పుడు పోల్ వదిలేయాలి. రెండోది మోకాలు. వెనక్కి కూలబడుతూ, లేచి నిలబడాలని పెనుగులాడితే మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం. పడ్డాక పూర్తిగా ఆగేదాకా అలాగే ఉండాలి. ఆగాక స్కీలు రెండూ లోయవైపుకి తెచ్చి, వాలుకి అడ్డంగా పెట్టి, అప్పుడు లేవాలి. అడ్డంగా పెట్టకుండా లేస్తే లేచిన చోటి నుంచే మళ్లీ జారతాడు.

స్కీకి బూటుని పట్టి ఉంచే బైండింగ్, పడినప్పుడు ఊడిపోవాలి. ఎంత బలానికి ఊడాలన్నది బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత నేర్చాడన్నది చూసి బిగిస్తారు. దుకాణంలో అడిగినప్పుడు కుర్రాళ్లు గొప్పకి “బాగా వచ్చు” అంటారు. దాంతో గట్టిగా బిగిస్తారు. పడినప్పుడు అది ఊడదు, మోకాలు మెలి తిరుగుతుంది. మీవాడికి ఈ ఒక్క ముక్క బాగా నూరిపోయండి: కొత్తవాణ్నని చెప్పాలి, నిజమైన బరువే చెప్పాలి.

హెల్మెట్ తప్పనిసరి. దాని కింద ఉన్ని మంకీ క్యాప్ వద్దు, హెల్మెట్ వదులైపోతుంది. చలికి మెడపట్టీ చాలు. జీన్సు అసలు వద్దు, తడిస్తే ఆరదు. కొబ్బరినూనె సీసా కూడా ఇంట్లోనే ఉంచండి. అక్కడ అది గడ్డకట్టి కూర్చుంటుంది, ఎండనుంచి కాపాడేదీ లేదు. ఎత్తు పెరిగేకొద్దీ, వెయ్యి మీటర్లకి సుమారు 10 శాతం చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిరగ్గొడుతుంది. అందుకే సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు కిందా కూడా రాయాలి. గాగుల్స్ లేకుండా ఒక్క రోజు తిరిగినా రాత్రికి కళ్లలో ఇసుక పోసిన బాధ.

వాలు మీద ముందు, కింద ఉన్నవాళ్లదే దారి హక్కు అని చెప్పండి. వెనక నుంచి, పై నుంచి వచ్చేవాడే తప్పుకోవాలి. ఆగాలంటే వాలు మధ్యలో కాదు, అంచున ఆగాలి.

ఇప్పుడు నిజంగా భయపడాల్సిన విషయం. గొండోలా ఎక్కి అఫర్వాత్ వెళ్తే పైన గుర్తులు పెట్టని వాలులుంటాయి. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే మంచు చరియలు ఎక్కువగా విరుగుతాయి. 2024 ఫిబ్రవరిలో గుల్‌మర్గ్ పై వాలుల్లో చరియ కింద చిక్కుకుని ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. కొత్తవాడికి అక్కడ పని లేదు. కింద, మైదానం పక్కనున్న చిన్న వాలుల్లో వారం గడిచిపోతుంది. ఫొటోకని స్నేహితులు పైకి లాగితే, గొండోలాలో వెళ్లి, గొండోలాలోనే దిగి రమ్మనండి.

పోటీల మాటకొస్తే, 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లింది ఆరిఫ్ ఖాన్ ఒక్కడే. జెయింట్ స్లాలమ్‌లో (పాతిన గుర్తుల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం) 45వ స్థానం వచ్చింది. గుల్‌మర్గ్ దగ్గర పుట్టి, చిన్నప్పటి నుంచీ మంచు మీదే పెరిగినవాడు. పందొమ్మిదేళ్లకి సముద్రం ఒడ్డు నుంచి వెళ్లి మొదలుపెట్టేవాడు అంతదాకా పోవడం కష్టమే, ఆశ పెట్టను. కానీ సైన్యంలో చేరాలనుకుంటే ఈ విద్య పనికొస్తుంది. గుల్‌మర్గ్‌లో సైన్యం స్కీ పాఠశాల పుట్టింది 1948లో, జనరల్ తిమ్మయ్యగారి హయాంలో. 1962 నుంచి దాన్నే హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ (ఎత్తయిన కొండల్లో యుద్ధం నేర్పే బడి) అంటున్నారు. మన శ్రీకాకుళం, గంజాం కుర్రాళ్లు అక్కడ తక్కువేం కాదు.

ప్రశ్న: సొంతంగా స్కీలు కొనుక్కోవాలా? — పలాస నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఏడాదికి వారం వాడే వస్తువుని మన ఉప్పుగాలిలో పెడితే అంచుల ఇనుము తుప్పు పడుతుంది. అద్దెకి తీసుకోండి. నిలబెడితే మీ గడ్డం దాకా వచ్చేవి చాలు. అంతకన్నా పొడుగువి తిప్పడం కష్టం. డబ్బులుంటే గ్లవ్సులూ గాగుల్సూ కొనుక్కోండి.

ప్రశ్న: మంచు మెత్తగా లోతుగా ఉన్న రోజున ఒకలా, గాజులా గట్టిపడ్డ రోజున ఒకలా దిగాలా? — జయపురం పాఠకుడి స్నేహితుడు

జవాబు: అవును. మెత్తటి లోతు మంచులో ఒక్క కాలి మీదే బరువు వేస్తే ఆ స్కీ కూరుకుపోతుంది. అక్కడ రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి, బరువు దాదాపు సమానంగా పంచండి. కొనలు తేలాలని వెనక్కి వాలమని అక్కడ కూడా ఎవరో ఒకరు చెబుతారు, వినకండి. గట్టి మంచు మీద భయపడి అంచులు బలంగా గుచ్చితే జర్రున జారుతుంది. మెత్తగా ఒరిగించండి, కాసేపు జారితే జారనివ్వండి, ముందు మంచు కాస్త తెల్లగా, గరుగ్గా ఉన్న చోటుకి చేరాక తిరగండి. మబ్బు పట్టి ఎత్తుపల్లాలు కనబడని రోజున చెట్ల వరస పక్కగా దిగితే, చెట్ల ఆనవాలు పట్టి వాలు తెలుస్తుంది. ఆ రోజు నల్ల అద్దం గాగుల్స్ కన్నా పసుపు రంగువి మేలు.

ప్రశ్న: గుణుపురం నుంచి విద్యార్థిని. వాలు దిగడం కన్నా, తాడు లిఫ్ట్ పట్టుకుని పైకి వెళ్లడంలోనే ఎక్కువసార్లు పడ్డాను మాస్టారూ. అందరి ముందూ పరువు పోయింది.

జవాబు: నువ్వు దాని మీద కూర్చోబోయి ఉంటావమ్మా. ఆ కడ్డీ చివర ఉన్న చక్రంగానీ, అడ్డకర్రగానీ కూర్చోవడానికి కాదు, అది నిన్ను వెనక నుంచి నెట్టడానికి. దాని మీద బరువు వేస్తే తాడు సాగి కింద కూలబడతావు. నిలబడే ఉండు. మోకాళ్లు కొంచెం వదులుగా, రెండు స్కీలూ సమానంగా, ముందు వాళ్లు వేసిన గాడిలోనే ఉంచు. పోల్స్ రెండూ ఒక చేతిలో పట్టుకో, పట్టీలు మణికట్టు నుంచి తీసేయ్. కదలబోయే ముందు లాగుడు వస్తుంది, దానికి ఒళ్లు సిద్ధంగా ఉంచుకో. మధ్యలో పడితే కడ్డీ పట్టుకుని వేలాడకు. వదిలేసి వెంటనే పక్కకి దొర్లు, లేకపోతే వెనక వచ్చేవాళ్లు నీ మీద పడతారు. పైకి చేరాక కడ్డీ వదిలేసి అక్కడే నిలబడి వెనక్కి చూడకు, దారి ఇచ్చి పక్కకి జరుగు.